వసంతంలో ఒక సెలవు రోజు: ఇంట్లో బేకింగా, పూల మొక్కలా, పల్లెదారిలో కారు షికారా?

చలి వెనక్కి తగ్గి, ఎండ ఇంకా ముదరని ఆ కొద్ది వారాలు చాలా త్వరగా జారిపోతాయి. పొద్దున్నే కిటికీ తీస్తే లోపలికొచ్చే గాలికే మనసు తేలికవుతుంది. ఏదో ఒకటి చేయాలనిపిస్తుంది. ఇంట్లో బ్రెడ్డో కేకో కాలిస్తే బాగుంటుందని ఒకపక్క, నాలుగు కుండీల్లో పూల విత్తనాలు చల్లాలని ఇంకోపక్క. ఇవేవీ కాదు, కారు తీసి చెట్ల నీడన సాగే ఏదో పల్లెదారి పట్టుకుని పోదామని మరోపక్క. మూడూ చిన్న సంతోషాలే, మూడింటికీ పెద్ద ఖర్చు అక్కర్లేదు. చిక్కల్లా సెలవు రోజుల దగ్గరే. అవి మనం కోరుకున్నన్ని ఉండవు.

ఇలాంటప్పుడు చాలామంది "నాకేది ఎక్కువ ఇష్టం?" అని తమను తాము అడుగుతారు. ఆ ప్రశ్నకు జవాబు దొరకదు, ఎందుకంటే మూడూ ఇష్టమే. నేనైతే ముందు "వీటిలో ఏది ఆగదు?" అని అడగమంటాను. విత్తనం ఆగదు. ఈ వారం వేయాల్సింది వచ్చే నెల వేస్తే పూత ఎండల్లో పడుతుంది. దారి పక్కన చెట్ల పూత కూడా ఎక్కువ రోజులు ఆగదు, కానీ వారం పదిరోజుల వెసులుబాటు ఇస్తుంది. ఓవెన్ మాత్రం ఎన్నాళ్లైనా ఆగుతుంది. వసంతంలో ఏం చేయాలన్న ఎంపికలో సగం ఈ లెక్కతోనే తేలిపోతుంది. మిగతా సగం మీ ఇల్లు, మీ ఒళ్లు, మీతో ఉండే మనుషుల్ని బట్టి తేలాలి.

## ముందు చూసుకోవాల్సినవి

ఫలితం ఎప్పుడు చేతికొస్తుంది? బేకింగ్‌లో అదే పూట. మొక్కల్లో రెండు నెలలకు. షికారులో బయల్దేరిన నిమిషం నుంచే.

మనల్ని ఎంతసేపు కట్టేస్తుంది? పని పూర్తవడానికి పట్టే సమయం వేరు, అందులో మన చేతులకు పని ఉండే సమయం వేరు. బ్రెడ్డుకు నాలుగు గంటలు పడుతుందని భయపడతారు గానీ, చేతికి పని ఉండేది అరగంట. షికారులో అలా కాదు. నడిపేవాళ్లకు ప్రతి నిమిషమూ పనే.

వాతావరణం మొరాయిస్తే? వసంతంలో ఉదయం ఎండ, మధ్యాహ్నం జల్లు మామూలే. ఆ జల్లుకు ఏది చెడుతుంది, ఏది చెడదు?

ఎవరితో కలిసి చేస్తారు? చిన్నపిల్లలు, మోకాళ్ల నొప్పులున్న పెద్దవాళ్లు, పుప్పొడి పడని వాళ్లు ఉన్న ఇళ్లలో ఈ ప్రశ్న మిగతా అన్నింటికన్నా ముందు రావాలి.

చివరికి ఏం మిగులుతుంది? కొందరికి చేతిలో ఏదో ఒకటి కనిపించాలి, పక్కింటివాళ్లకు ఇంత పంచాలి. ఇంకొందరికి తల తేలికైతే చాలు.

| చూడాల్సింది | బేకింగ్ | పూల మొక్కలు | పల్లెదారి షికారు |
|---|---|---|---|
| మొత్తం సమయం | 1 నుంచి 5 గంటలు | మొదట 2 గంటలు, తర్వాత రోజూ 10 నిమిషాలు | 3 గంటల నుంచి రోజంతా |
| ఫలితం | అదే రోజు | నారు నాటితే 3–5 వారాలు, విత్తనమైతే 7–10 వారాలు | అప్పటికప్పుడు |
| వాన పడితే | ఇబ్బంది లేదు | ఆ రోజుకు పని ఆగుతుంది, మొక్కకు మేలే | వాయిదా వేయడం మంచిది |
| వాయిదా వేయగలమా | ఎప్పుడైనా | వేయలేం | వారం, పది రోజులు |
| చిన్నపిల్లలకు | చాలా బాగుంటుంది | బాగుంటుంది, ఓపిక నేర్పాలి | గంట దాటితే కష్టం |
| పుప్పొడి పడనివారికి | నిశ్చింత | జాగ్రత్త అవసరం | అద్దాలు మూసుకోవాలి |
| మిగిలేది | తినడానికి, పంచడానికి | నెలల తరబడి పూత | ఆ రోజు జ్ఞాపకం |

పట్టిక చూసి వెంటనే తేల్చేయకండి. ఒక్కోదానిలో మళ్లీ మూడు నాలుగు దారులున్నాయి. "బేకింగ్ నాకు పడదు" అనుకున్నవాళ్లలో చాలామందికి పడనిది బేకింగ్ కాదు, తమ తీరికకు సరిపోని రకాన్ని ఎంచుకోవడం.

## బేకింగ్: బ్రెడ్డా, కేకా, బిస్కెట్లా?

ఈస్ట్ బ్రెడ్డు వసంతానికి బాగా కుదురుతుంది, దానికి కారణముంది. ఈస్ట్ ఒక జీవి. పులియబెట్టేది ప్రాణమున్న సూక్ష్మజీవులేనని లూయీ పాశ్చర్ 1857లో చూపించాడు. ప్రాణమున్న దేనికైనా నచ్చిన వేడి ఒకటుంటుంది కదా. పిండి 24 నుంచి 27 డిగ్రీల సెల్సియస్ మధ్య ఉంటే ఈస్ట్ చక్కగా పనిచేస్తుంది. చలికాలంలో వంటగదిలో ఆ వేడి దొరకదు, పిండి పొంగడానికి గంటలు గంటలు పడుతుంది. మండువేసవిలో మరీ త్వరగా పొంగి పుల్లబడుతుంది, రుచి పూర్తిగా రాదు. వసంతంలో వంటగది తనంతట తానే ఆ మధ్యలోకి వస్తుంది.

అందుకే ఈ కాలంలో వంటల పుస్తకం చెప్పిన గంటల్ని పట్టుకుని కూర్చోకండి, పిండిని చూడండి. మొదటిసారి పొంగేటప్పుడు రెట్టింపు కావాలి. రెండోసారి పొంగాక వేలికి కాస్త పొడిపిండి అద్దుకుని, ముద్ద పక్కన అర అంగుళం లోతున నొక్కండి. గుంట వెంటనే పూడిపోతే ఇంకా ఆగాలి. నెమ్మదిగా పైకొచ్చి, చిన్న సొట్ట మిగిలితే ఓవెన్‌లో పెట్టే సమయం అదే. అసలు కదలకుండా గుంట అలాగే ఉండిపోతే కాస్త ఆలస్యమైందని అర్థం, ఇక ఒక్క క్షణం కూడా ఆగకుండా ఓవెన్‌లోకి పంపాలి. ఈ ఒక్క పరీక్ష చేతికి అలవాటైతే గడియారంతో పని ఉండదు.

పొడి ఈస్ట్‌ను నీళ్లలో నానబెట్టేటప్పుడు నీళ్లు గోరువెచ్చగా, 38 నుంచి 43 డిగ్రీల మధ్య ఉండాలి. 60 డిగ్రీల వేడి తగిలితే ఈస్ట్ చచ్చిపోతుంది. థర్మామీటర్ లేకపోతే మణికట్టు మీద ఒక చుక్క వేసుకోండి. వెచ్చగా అనిపించాలి, చురుక్కుమనకూడదు. కాలాక బ్రెడ్డు అడుగున వేలితో తడితే బోలుగా శబ్దం రావాలి. లోపలి వేడి కొలిచే సాధనం ఉంటే 93 నుంచి 96 డిగ్రీలు చూపించాలి. ఆ తర్వాతి గంట కష్టమైన గంట, ఎందుకంటే ఇల్లంతా వాసన, కత్తి చేతిలో. అయినా ఆగండి. వేడి మీద కోస్తే లోపల ఇంకా కుదురుకోని పిండి కత్తికి అంటుకుని ముద్దైపోతుంది.

కేకు గంటన్నరలో తేలిపోయే పని. మొదటిసారి చేసేవాళ్లకు నేను చెప్పేది సమాన తూకాల కేకు. పెంకుల్లేకుండా గుడ్డు ఒక్కోటి సుమారు 50 గ్రాములుంటుంది. నాలుగు గుడ్లు తీసుకుంటే వెన్న 200 గ్రాములు, చక్కెర 200, మైదా 200. గుర్తుంచుకోవడం సులువు, తగ్గించుకోవడం పెంచుకోవడం సులువు. ఇందులో ముఖ్యమైనది వెన్న మెత్తదనం. వేలితో నొక్కితే గుంట పడాలి, కానీ వేలికి నూనెలా జిడ్డు మిగలకూడదు. వెన్నా చక్కెరా కలిపి గిలక్కొడుతున్నప్పుడు చక్కెర పలుకులు వెన్నలో లెక్కలేనన్ని చిన్న గాలిగదులు చేస్తాయి. కేకు పొంగడానికి పునాది అదే. బేకింగ్ పౌడర్ చేసేదల్లా ఆ గదుల్ని ఇంకా ఉబ్బించడం. వెన్న కరిగిపోయి ఉంటే గదులు ఏర్పడవు, పౌడర్ ఎంత వేసినా కేకు బరువుగానే వస్తుంది.

బేకింగ్ పౌడర్ వెనక నాకు చాలా ఇష్టమైన సంగతి ఒకటుంది. ఇంగ్లండ్‌కు చెందిన ఆల్‌ఫ్రెడ్ బర్డ్ 1843లో దాన్ని తయారుచేసింది, ఈస్ట్ పడని తన భార్య కోసం. అంతకుముందు గుడ్లు లేని కస్టర్డ్ పొడి చేసిందీ ఆవిడ కోసమే. ఇంట్లో ఒక మనిషికి పడని వస్తువు ఉంటే దాన్ని తప్పించి మరీ రుచిగా చేయొచ్చన్న ధైర్యం ఈ కథ నుంచే నాకు వచ్చింది.

బిస్కెట్లు పిల్లలున్న ఇంటికి. 180 డిగ్రీల దగ్గర పది పన్నెండు నిమిషాల్లో అయిపోతాయి, ముద్ద ముందురోజే కలిపి ఫ్రిజ్‌లో పెట్టుకోవచ్చు, అచ్చులతో కోసే పని పిల్లలకు అప్పగించవచ్చు. అంచులు బంగారు రంగుకు తిరగ్గానే తీసేయండి, మధ్యలో మెత్తగా ఉన్నా ట్రే వేడికే గట్టిపడతాయి.

మూడింటికీ ఒకే మాట: ఓవెన్ మీద రాసున్న అంకెను గుడ్డిగా నమ్మవద్దు. ఇళ్లలో వాడే ఓవెన్లలో చూపే వేడికీ అసలు వేడికీ పది, ఇరవై డిగ్రీల తేడా సాధారణం. లోపల వేలాడదీసే చిన్న థర్మామీటర్ ఒకటి కొంటే, ఇంకే ఖరీదైన సామాను కొన్నా రాని తేడా కనిపిస్తుంది. రెండో స్థానం తూకం మెషీన్‌ది. కప్పుతో కొలిచిన మైదా, నొక్కి నింపామా, వదులుగా నింపామా అన్నదాన్ని బట్టి చాలా మారిపోతుంది.

బేకింగ్‌లో వదులుకునేదేమిటంటే, వసంతమంతా బయట ఉంటే మనం లోపల ఉంటాం. ఆకాశం నిర్మలంగా ఉన్న రోజును ఓవెన్ ముందు గడపడం నాకు మనసొప్పదు. మబ్బు పట్టిన రోజు మాత్రం దీన్ని మించింది లేదు.

## పూలు: విత్తనమా, నారా, దుంపలా?

తొందరపడాల్సింది ఇక్కడే కాబట్టి కాస్త ఎక్కువసేపు ఆగుదాం.

ముందుగా చాలామందిని నిరాశపరిచే విషయం చెప్పేస్తాను. ట్యులిప్పులు, డాఫొడిల్స్ బొమ్మల్లో చూసి వసంతంలో దుంపలు కొని నాటితే ఆ వసంతంలో పూయవు. ఆ దుంపలకు నాటిన తర్వాత పన్నెండు నుంచి పదహారు వారాల చలి కావాలి. ఆ చలి తగిలితేనే లోపలి మొగ్గ కాడ పొడుగు సాగి బయటికొస్తుంది. అందుకే వాటిని నాటేది ఆకురాలు కాలంలో. నెదర్లాండ్స్‌లోని లైడెన్‌కు 1593 ఆకురాలు కాలంలో వచ్చిన వృక్షశాస్త్రవేత్త క్లూసియస్ తోటలో ట్యులిప్పులు పూసింది మరుసటి ఏడు, 1594 వసంతంలో. ఇప్పటికీ వాటి పద్ధతి అదే. ఈ వసంతంలోనే అవి కావాలంటే కుండీలో మొగ్గ తొడిగినవి కొనుక్కోండి, వచ్చే ఏటి సంగతి ఆకులు రాలేటప్పుడు చూసుకోవచ్చు.

వసంతంలో వేసి, వేసవి మొదట్లో పూయించుకోదగ్గవి వేరే ఉన్నాయి. బంతి, జినియా, కాస్మోస్ – ఈ మూడింటి పుట్టిల్లు మెక్సికోయే. ఇది తెలిస్తే వాటి పెంపకం సగం తెలిసినట్టే. వెచ్చని నేల కావాలి, ఎండ దండిగా కావాలి, గడ్డకట్టే మంచు తగిలితే బతకవు. మీ దగ్గర రాత్రిళ్లు ఇంకా గడ్డ కట్టే చలి ఉంటే అది పూర్తిగా పోయేదాకా ఆరుబయట విత్తకండి. చల్లని తడిమట్టిలో విత్తనం మొలకెత్తే బదులు కుళ్లిపోతుంది.

| పువ్వు | మొలకకు | విత్తిన తర్వాత పూతకు | ఎవరికి బాగుంటుంది |
|---|---|---|---|
| బంతి (పొట్టి రకాలు) | సుమారు వారం | 8 వారాలు | మొదటిసారి వేసేవారికి, చిన్న కుండీలకు |
| జినియా | 5–7 రోజులు | 8–10 వారాలు | కోసి వాజులో పెట్టుకునేవారికి |
| కాస్మోస్ | 7–10 రోజులు | 8–10 వారాలు | నేల బలం లేని చోట, ఖాళీ జాగా ఉన్నవారికి |
| నాస్టర్షియం | 7–14 రోజులు | 7–9 వారాలు | పిల్లలకు (గింజ పెద్దది, పట్టుకోవడం తేలిక) |
| పొద్దుతిరుగుడు (పొట్టి రకాలు) | 7–10 రోజులు | 8–10 వారాలు | రోజూ ఎదుగుదల చూడాలనుకునేవారికి |

విత్తనం చవక, రకాలు ఎక్కువ, ఎదురుచూపు ఎక్కువ. గింజ మందానికి రెండు మూడింతల లోతున నాటితే చాలు. చాలామంది చేతులు ఇంకా లోతుకు పోతాయి, మొలక పైకి రాలేక లోపలే ఆగిపోతుంది. నారు కొంటే నెల రోజులు కలిసొస్తుంది. అయితే దుకాణంలో విరబూసి ఉన్న మొక్కను చూసి మురిసి తీసుకోకండి. మొగ్గలు బిగుసుకుని ఉన్నదాన్ని, ఆకులు ముదురు ఆకుపచ్చగా ఉండి కురచగా, గుబురుగా ఉన్నదాన్ని ఏరుకోండి. పూసేసినది మీ ఇంటికొచ్చి వాడిపోవడానికే సిద్ధంగా ఉంటుంది. నీడలోనో గాజు ఇంట్లోనో పెరిగిన నారును ఒక్కసారిగా ఎండలో పెడితే ఆకులు తెల్లబారి కాలిపోతాయి. మొదటి రోజు గంట, రెండో రోజు రెండు గంటలు, అలా వారం పది రోజులు అలవాటు చేసి అప్పుడు నాటండి.

కుండీ కనీసం అడుగు లోతు ఉంటే మంచిది, అడుగున నీళ్లు పోయే చిల్లు తప్పనిసరి. రోజుకు ఆరు గంటల ఎండ తగలాలి. ఎరువు విషయంలో చేయి బిగించండి. నత్రజని ఎక్కువైతే కాస్మోస్, నాస్టర్షియం ఏపుగా ఆకులేసి పువ్వు మానేస్తాయి. జినియా జానెడు దాటాక నడిమి చివుర తుంచండి. తుంచాలంటే ప్రాణం ఉసూరుమంటుంది, కానీ ఆ కణుపుల నుంచి రెండేసి కొమ్మలొస్తాయి. వాడిన పూలు ఎప్పటికప్పుడు తీసేయాలి. మొక్క పూసేది విత్తనం కోసం. విత్తనం పడిందంటే పని అయిపోయిందనుకుంటుంది, వాడిన పువ్వు తీసేస్తే మళ్లీ మొదలుపెడుతుంది.

ఇక కోత. జినియా పువ్వు విచ్చుకోగానే కోసేస్తే వాజులో రెండో రోజుకే తల వాలుస్తుంది. పువ్వుకు జానెడు కింద కాడను రెండు వేళ్లతో పట్టుకుని మెల్లగా ఊపండి. పైభాగం వంగి అటూ ఇటూ ఊగితే అది ఇంకా లేతది, వదిలేయండి. కాడ కర్రలా నిటారుగా ఉండి పువ్వుతో సహా ఒక్కటిగా కదిలితే కోయండి. పొద్దున మంచు ఆరీ ఆరకముందే కోసి, నీళ్లలో మునిగే ఆకులన్నీ తీసేసి, రెండ్రోజులకోసారి నీళ్లు మారిస్తే వారం దాకా నిలుస్తుంది.

ఇంట్లో పిల్లి ఉంటే లిల్లీ పూలు గడప తొక్కనివ్వకండి. ఆకు, పువ్వు, పుప్పొడి, చివరికి వాజులో నీళ్లు తాగినా పిల్లి మూత్రపిండాలు దెబ్బతింటాయి. కేకు మీద పూలు అలంకరించాలని ఉంటే నాస్టర్షియం తినదగ్గది, కాస్త ఘాటుగా ఉంటుంది. డాఫొడిల్, ఫాక్స్‌గ్లవ్, లిల్లీ ఆఫ్ ద వ్యాలీ విషం. దుకాణంలో కొన్న గుత్తిలోని పువ్వు ఏదైనా సరే తినే పదార్థం మీద పెట్టవద్దు, దాని మీద ఏ మందు కొట్టారో మనకు తెలియదు.

మొక్కల్లో వదులుకునేది తక్షణ సంతోషం. దాని బదులు రోజూ పొద్దున పది నిమిషాల పని దొరుకుతుంది. మొలక మట్టిని చీల్చుకుని వచ్చిన రోజు, రెండు ఆకుల మధ్య మొదటి మొగ్గ కనిపించిన రోజు – ఇవి క్యాలెండర్‌లో లేని పండగలు. అద్దె ఇంట్లో ఉండి త్వరలో మారబోతున్నవాళ్లు, తరచూ ఊళ్లు తిరిగే ఉద్యోగం ఉన్నవాళ్లు మాత్రం దీని జోలికి పోకపోవడమే మంచిది. నీళ్లకు మొహంవాచిన కుండీలు చూస్తూ బాధపడటం కన్నా ఒక మొగ్గ తొడిగిన మొక్క కొనుక్కుని అది ఉన్నన్నాళ్లు చూసుకోవడం మేలు.

## షికారు: పూటా, రోజంతానా?

చరిత్రకెక్కిన తొలి దూరప్రయాణం కారులో చేసింది బెర్తా బెంజ్. 1888 ఆగస్టులో ఇద్దరు కొడుకుల్ని వెంటబెట్టుకుని, భర్తకు చెప్పకుండా, మన్‌హైమ్ నుంచి ఫోర్జ్‌హైమ్‌లోని పుట్టింటికి వంద కిలోమీటర్ల పైచిలుకు నడిపింది. దారిలో ఇంధనం ఒక మందుల షాపులో కొంది. పల్లెదారి షికారు అనే ఆనందం కారుతో పాటే పుట్టిందని ఆ కథ చదివినప్పుడల్లా అనిపిస్తుంది.

ఎంపికకు వస్తే, నా ఓటు పూట షికారుకే. ఇరుకు పల్లెదారిలో, ఆగుతూ వెళితే గంటకు నలభై కిలోమీటర్లు సాగడం కూడా గొప్పే. మ్యాప్ మూడు గంటలు చూపిస్తే నాలుగున్నర అనుకోండి. వెళ్లిన దారిన తిరిగి రాకుండా, చుట్టుతిరిగి ఇల్లు చేరే దారి వేసుకుంటే వచ్చేటప్పుడు కూడా కొత్తగానే ఉంటుంది. రోజంతా షికారు ఇద్దరు నడిపేవాళ్లుంటేనే. ఎందుకంటే ఈ సంతోషంలో ఒక అన్యాయముంది: అందరికన్నా తక్కువ చూసేది నడిపేవాళ్లే. సగం దారిలో స్టీరింగ్ చేతులు మారితే అందరికీ పూలు కనిపిస్తాయి.

తేదీ ముందే ఖాయం చేసుకోవద్దు. చెట్ల పూత వచ్చే రోజు ఏటా ముందుకో వెనక్కో జరుగుతూ ఉంటుంది. జపాన్‌లోని క్యోటోలో చెర్రీ పూత తేదీలు తొమ్మిదో శతాబ్దం నుంచీ రాసి ఉన్నాయి. 2021లో మార్చి 26కే నిండుపూత వచ్చింది, అప్పటిదాకా రాసి ఉన్న తేదీలన్నింటిలోకీ అదే ముందు. పోయినేడు ఫలానా వారం బాగుందని ఈ ఏడూ అదే వారం బయల్దేరితే ఆకులే చూడాల్సి రావచ్చు. రెండు మూడు తేదీలు మనసులో పెట్టుకుని, వాతావరణం చూసి ముందురోజు రాత్రి తేల్చుకోండి. తెల్లవారుజామున బయల్దేరితే ఏటవాలు వెలుగులో పూలు, పొలాలు నిండుగా కనిపిస్తాయి. మిట్టమధ్యాహ్నం అదే చోటు వెలిసిపోయినట్టుంటుంది.

బయల్దేరే ముందు టైర్లలో గాలి చూడండి, అదీ కారు కదలకముందు, చల్లగా ఉన్నప్పుడే. వేడి సుమారు 5, 6 డిగ్రీలు మారితే గాలి ఒత్తిడి 1 పీఎస్‌ఐ (టైరు గాలిని కొలిచే ప్రమాణం) దాకా మారుతుంది. చలికాలమంతా చూడకుండా వదిలేసిన టైరు మీద దూరం పోకూడదు. పల్లెదారి ఖాళీగా ఉందని వేగం పెంచాలనిపిస్తుంది. వేగం రెట్టింపైతే బ్రేకు వేశాక కారు జారే దూరం నాలుగింతలవుతుంది, మలుపు అవతల ట్రాక్టరో, పశువుల మందో ఉండొచ్చు. రెండు గంటలకోసారి పావుగంట ఆగండి. ఆగిన చోటే అసలు షికారు ఉంటుంది. ఇంజిన్ ఆపి, దిగి, కాస్త దూరం నడిస్తేనే పిట్టల గొంతులు వినిపిస్తాయి, మట్టి వాసన తెలుస్తుంది.

కారులో కడుపు తిప్పేవాళ్లను ముందు సీట్లో కూర్చోబెట్టి దూరంగా చూడమనండి, ఫోను పక్కన పెట్టించండి. పుప్పొడి పడనివాళ్లుంటే గాలి వీచే పొడిరోజుకన్నా వాన వెలిసిన మరుసటి పూట మంచిది. అద్దాలు మూసి, బయటి గాలి రాకుండా ఏసీ పెట్టుకోండి.

## మీరు ఎవరు, మీకేది?

వారానికి ఒక్క రోజే సెలవున్నవారు: మొదటి సెలవు విత్తనాలకు ఇవ్వండి, పని రెండు గంటల్లో ముగుస్తుంది. మిగతా సెలవుల్లో ఎండ ఉంటే షికారు, మబ్బుంటే ఓవెన్.

చిన్నపిల్లలున్నవారు: బిస్కెట్లు, నాస్టర్షియం గింజలు. షికారు పెట్టుకుంటే గంట దాటనివ్వకండి. పిల్లలకు దారి నచ్చదు, ఆగడం నచ్చుతుంది.

పెద్దవాళ్లతో ఉండేవారు: ఇక్కడ షికారుకే నా ఓటు. వంగి మట్టి తవ్వలేని, ఓవెన్ ముందు నిలబడలేని మనిషికి కారు కిటికీలోంచి వసంతం చూపించడం గొప్ప బహుమతి. చేతనైతే ఆ తర్వాత నడుమెత్తు బల్ల మీద రెండు కుండీలు పెట్టించండి, కూర్చునే నీళ్లు పోసుకుంటారు.

ఒంటరిగా ఉండేవారు: బ్రెడ్డును ఎంచుకోండి. ఒక్కరికి ఒక బ్రెడ్డు ఎక్కువే. అందుకే సగం పక్కింటికి పోతుంది, మాట కలుస్తుంది. మిగిలింది ముక్కలు కోసి డీప్ ఫ్రిజ్‌లో పెట్టుకుంటే కావాల్సినప్పుడు తీసి కాల్చుకోవచ్చు.

మనసు బాగా అలిసిపోయినవారు: కొలతలు, ఎదురుచూపులు ఇప్పుడు వద్దు. ఇంకెవరైనా నడిపితే కారెక్కండి. నడిపేవాళ్లు లేకపోతే మొగ్గ తొడిగిన మొక్క ఒకటి తెచ్చి కిటికీలో పెట్టుకోండి. అలసిన కళ్లతో స్టీరింగ్ పట్టుకోవడం మాత్రం వద్దు.

## రెండు కలుపుకోవాలంటే

కొన్ని జతలు బాగా కుదురుతాయి. బ్రెడ్డు, కుండీల పని ఒకే పూటలో సులువుగా ఇముడుతాయి. పొద్దున పిండి కలిపి మూత పెట్టి, మొదటిసారి పొంగే గంటా గంటన్నరలో మట్టి నింపి విత్తనాలు వేసేయొచ్చు. గోళ్లలో మట్టి పోయేలా చేతులు బాగా కడుక్కుని వచ్చేసరికి పిండి రెట్టింపై ఉంటుంది.

షికారుకు ముందురోజు కాల్చిన బిస్కెట్లు, క్రీము లేని సమాన తూకాల కేకు పట్టుకెళ్లండి. ఆ కేకు రెండో రోజుకు ఇంకా బాగుంటుంది. ఎండలో నిలిపిన కారులో క్రీము పెట్టిన కేకు నిలవదు.

షికారు, విత్తనాలు ఒకే రోజు పెట్టుకోకండి. పొద్దున్నే బయల్దేరితే విత్తే పని సాయంత్రానికి పడుతుంది, అలసి వచ్చాక అది వచ్చే వారానికి జరుగుతుంది. అలాగే దారి పక్కన కనిపించిన అడవి పూలను వేళ్లతో పీకి తెచ్చి కుండీలో పెట్టే ఆలోచన వద్దు. చాలాచోట్ల అది నేరం, పైగా అలా తెచ్చిన మొక్క కుదురుకోవడం అరుదు. నచ్చిన పువ్వును ఆకుతో, కాడతో సహా ఫొటో తీసుకుంటే, పేరు కనుక్కుని దాని విత్తనాలు వచ్చే ఏటికి తెప్పించుకోవచ్చు.